హనుమక్క వదిన బయట కూర్చున్న దినాలు

మా అన్న తిప్పేస్వామి మొదటి భార్య హనుమక్క. ఆమె అయిదేళ్ళపాటు నెలకు మూడు దినాలు ఊరిబయట గుడిసెలో అబద్ధంగా కూర్చుంది. దొంగతనం చేసినవాళ్ళను చూశాను, దొంగ సాక్ష్యం చెప్పినవాళ్ళను చూశాను. ముట్టు కాకుండానే అయ్యానని చెప్పి, ఎండలో వానలో ఒంటరిగా కూర్చున్న మనిషిని మాత్రం ఆమెనొక్కదాన్నే చూశాను. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది నాకు. ఊరందరికీ వినబడేట్టు చెప్పిందీ నేనే. కాబట్టి ఈ కథ నేనే చెప్పాలి. ఇంకెవరో చెబుతానంటే ఒప్పుకోను.

మాది పెనుకొండకు ఏడు మైళ్ళ దూరంలో గొర్రెలు మేపుకునే పల్లె. ముప్పై ఇళ్ళు, చుట్టూ ముళ్ళకంప కంచె. ఇళ్ళకంటే గొర్రెల దొడ్లే పెద్దవి. దేవుడు ఆ కంచె లోపల మా మధ్యనే తిరుగుతుంటాడని మా నమ్మకం. అందువల్ల ముట్టయిన ఆడది కంచె లోపల ఉండకూడదు. బయట బోదగడ్డి కప్పిన గుడిసె ఒకటి ఉండేది. మూడు దినాలు అక్కడ ఉండి, నాలుగో దినం తలకు పోసుకుని ఇంటికి రావాలి. కాన్పులూ అక్కడే. బిడ్డను కన్న తల్లి, ఆమెను ముట్టుకున్న మంత్రసాని పదకొండు దినాలు లోపలికి రాకూడదు. అన్నం తెచ్చేవాళ్ళు గుడిసెకు ఇరవై అడుగుల దూరంలో ఉన్న బండమీద పెట్టి వెనక్కి తిరగాలి. ఎవతైనా మైల దాచిపెట్టి దొడ్లో కాలు పెడితే గొర్రెలు చస్తాయని చెప్పేవాళ్ళు. 1950ల్లో మా పల్లెలో దీన్ని కాదన్న మనిషి ఒక్కరూ లేరు. నేనూ అనలేదు.

వదిన మా ఇంటికి 1953లో వచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆమె పుట్టిల్లు హిందూపురం దగ్గర. వాళ్ళ నాయన కుళ్ళాయప్ప గొర్రెలన్నీ కరువులో పోగొట్టుకుని, అక్కడి చెరువుకు నీరుగంటిగా కుదిరినాడు. తూము దగ్గర ఉండి, ఏ మడికి ఎప్పుడు ఎంత నీళ్ళు వదలాలో చూసుకునే పని ఆయనది. వదిన మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. పొట్టేలును కాళ్ళు పట్టి పడగొట్టి ఒక్కతే బొచ్చు కత్తిరించేది. నవ్వితే పక్కింటికి వినబడేది. మా అమ్మ చౌడక్క ఆ నవ్వుకు మొగం చిట్లించేది గానీ, పని చూసి మురిసిపోయేది.

మరుసటి ఏడు శివరాత్రి వెళ్ళినాక వదినకు నొప్పులొచ్చాయి. రెండు దినాలు ఆ గుడిసెలో అవస్థపడి ఆడపిల్లను కన్నది. బిడ్డ పడినాక రక్తం ఆగలేదు. గుడిసె గడప దాటి ఇసుకలోకి వచ్చిందని తర్వాత అందరూ చెప్పుకున్నారు. మంత్రసాని తనకు తెలిసిందంతా చేసింది. అమ్మ కంచె లోపల నిలబడి దేవుడికి మొక్కుకుంది. అన్న బండి కట్టడానికి లేచినాడు గానీ, మైలలో ఉన్న మనిషిని ఎవరు ఎత్తి బండిలో వేస్తారు? పెద్దలు ఒప్పుకోలేదు. ఆయన కూర్చుండిపోయినాడు.

వదిన చావలేదు. సున్నం మాదిరి తెల్లగా అయిపోయి రెండు దినాలు పడుకుని, మూడో దినం కళ్ళు తెరిచింది. కానీ పాలు పడలేదు. బిడ్డను రొమ్ముకు పెట్టి పెట్టి అలసిపోయింది. మేకపాలు పట్టారు. తొమ్మిదో దినం బిడ్డ పోయింది. ఆ పొద్దు మా అమ్మ ఒక మాట అన్నది. "బిడ్డ మీద మనసుంటే రాయిలో నుంచైనా పాలొస్తాయి." అమ్మ చెడ్డది కాదు, భయం ఎక్కువ. భయంతో అన్న మాటైనా మాట మాటే. వదిన దాన్ని ఆరేళ్ళు మోసింది.

ఆ తర్వాత వదిన వదిన కాదు. పొద్దెక్కినా లేవలేకపోయేది. రాళ్ళు పగిలే ఎండల్లో కూడా కంబళి కప్పుకుని కూర్చునేది. కనుబొమలు పలచబడిపోయాయి. మొగం ఉబ్బి, తోలు మైనంలాగా అయింది. పిలిస్తే కాసేపటికి గానీ పలికేది కాదు. నేను ఆమెకు నిద్రమొగం వదిన అని పేరు పెట్టి, ఈడు పిల్లలందరి చేతా అనిపించాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమెకు ముట్టు మాత్రం తిరిగి రాలేదు. పాలిచ్చే తల్లికి ఆలస్యమవుతుందని మా ఆడవాళ్ళకు తెలుసు. ఈమె చంకన బిడ్డ లేదు. కడుపేమో అని ఆరు నెలలు చూశారు. కడుపూ లేదు. మరుసటి ఎండాకాలం మా దొడ్లో గొర్రెలకు గాలికుంటు వచ్చి పందొమ్మిది చచ్చాయి. ఒకనాటి పొద్దున అమ్మ దొడ్డి వాకిట్లో వదినను నిలబెట్టింది.

"ఏమే, నువ్వు బయటికి పోయి ఎన్ని నెల్లైంది?"

"నాకు రాలేదత్తా."

"రాకుండా ఎట్లుంటాది? కడుపు లేదు, చంకన బిడ్డ లేదు, ముసిల్దానివి కాదు. దాచిపెట్టుకోని దొడ్లోకి వస్తాండావా?"

మా లెక్కలో ముట్టు కాని ఆడవాళ్ళు ఆ మూడు రకాలే. నాలుగో రకం ఒకటి ఉంటుందని ఎవరికీ తెలియదు. వదిన అడకత్తెరలో పోకచెక్క అయింది. రాలేదని నిజం చెబితే దొంగ, గొర్రెల్ని చంపింది. నమ్మితే ఇంకా అన్యాయం, ఇంక బిడ్డలు పుట్టరని అన్నకు మారుమనువు చేస్తారు.  వదిన మరుసటి దినం తెల్లవారుతూనే కంబళి చంకన పెట్టుకుని, కంచె దాటి, గుడిసెలోకి పోయి కూర్చుంది.

అమ్మ గుండెలమీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది. గొర్రెలు చావడం ఎలాగూ ఆగే కాలం వచ్చింది, ఆగింది. ఇంకేం కావాలి? అప్పటినుంచి నెల తప్పకుండా వదిన బయట కూర్చునేది. నెలనెలా బయటుంటాంది గదా, ఈరోజు కాకుంటే రేపు కడుపు పండుతాదిలే అని అమ్మ ఎదురుచూస్తూ ఉండేది. పున్నమి వెళ్ళిన మూడో దినం అని వదిన తనకు తాను ఒక లెక్క పెట్టుకుంది.

1958లో నేను పెద్దమనిషినయ్యాను. పచ్చి కొమ్మల గుడిసె, చిమ్మిలి, పాటలు అన్నీ అయ్యాయి. రెండోనెల నుంచి మామూలు గుడిసెకే పోవాలి. నేను పోయేసరికి వదిన అక్కడ ఉంది. నాకు కడుపులో నొప్పి, నడుములాగుడు, ఏడుపు. ఆమె నా నడుము పిసికి, పక్కన కూర్చోబెట్టుకుని అడగడం మొదలుపెట్టింది. నొప్పి ఎక్కడ మొదలవుతుంది, ముందు నడుములోనా, పొత్తికడుపులోనా? మొదటి దినం ఎక్కువా, రెండో దినం ఎక్కువా? అన్నం సహిస్తుందా? అంత మాట్లాడే మనిషి కాదు. నాకు వింతగా తోచింది.

"నీకు తెలీదా వదినా?"

"మర్చిపోయినా సోమీ, చెప్పు."

ఆ మధ్యాహ్నం ఆమె గుడ్డలు ఉతకడానికి వంకకు పోతే నేనూ వెనకే పోయాను. ఆమె చెంగులోంచి ఒక ముద్ద తీసి, నీళ్ళలో అరగదీసి, ఆ నీళ్ళు గుడ్డకు పూసి, మళ్ళీ ఉతుకుతూ ఉంది. గోడలకు పూసే ఎర్రమట్టి, జాజు ముద్ద. ఒడ్డున ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు ఎర్రగా పారే నీళ్ళు చూసి తలలు తిప్పుకుని వాళ్ళ పని వాళ్ళు చేసుకున్నారు. నేను మాత్రం ఆ ముద్దనే చూస్తూ నిలబడిపోయాను. వదిన తలెత్తి నన్ను చూసింది.

గుడిసెకు తిరిగొచ్చి ఇద్దరం కూర్చున్నాం. ఆమే మొదలుపెట్టింది.

"నాలుగేండ్లాయ సోమీ, నాకు రాక. బిడ్డ పుట్టిన దినం ఒంట్లో ఉండేదంతా పాయ. ఏమైందో నాకూ తెలీదు."

"అమ్మకు చెప్పొచ్చు గదా?"

"చెప్తే నేను యాడికి పోవల్ల?"

 ఆమె తన కంబళి నా చేతికిచ్చి, దానిమీద చెయ్యి పెట్టి ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయమంది. గొర్రెలోళ్ళకు కంబళి మీద చేసిన ప్రమాణం దేవుడి ముందు చేసినట్టే. చేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఊరంతా చెప్పేది. ఆ గింజను నేను రెండేళ్ళు నానబెట్టాను.

నా దినాలూ ఆమె దినాలూ కలవని నెలల్లో అన్నం పట్టుకుపోయేది నేనే. ఆమెకు మైల లేదని తెలిసినదాన్ని కాబట్టి, చుట్టూ చూసి, ఎవరూ లేకపోతే బండ దాటి పోయి పక్కనే కూర్చునేదాన్ని. ఒకే చట్టిలో తినేవాళ్ళం. ఒకసారి అడిగాను, ఒక్కదానివే ఉండి ఏం చేస్తుంటావని.

"మొదట్లో ఏడిసేదాన్ని. ఇప్పుడు ఈడికొస్తేనే ఊపిరాడతాది. ఈడ ఎవురూ నా కడుపు తట్టు చూడరు." చట్టి నా వైపు జరిపి మళ్ళీ అంది. "మిగిలినోల్లు వస్తారు, మూడు దినాలుండి పోతారు. వాల్లకు వచ్చే పనుండాది, పోయే పనుండాది. నాకు రెండూ లేవు సోమీ."

1960 కార్తీకంలో ఆమె గుడిసెలో ఉండగా చలిజ్వరం పట్టింది. రెండోదినం పొద్దున నేను అన్నం తీసుకుపోతే నిన్నటి చట్టి బండమీద అట్లే ఉంది. లోపల వదిన వాంతి చేసుకుని దానిలోనే పడి ఉంది. పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. చెయ్యి పట్టి చూస్తే రాతిలాగా చల్లగా ఉంది. పరిగెత్తిపోయి అమ్మకు, అన్నకు చెప్పాను. అన్న బండి కట్టుకుని కంచె దాకా వచ్చి ఆగిపోయినాడు. ఇరుగుపొరుగు వచ్చారు. గొర్రెలు మేతకు పోయే వేళ, దొడ్లన్నీ అరుపులు.

"రెండో దినం గదబ్బా. రేపు ఒక్కపొద్దు తాళితే తలకు పోసి ఎత్తుకుపోవచ్చు," అన్నాడొక పెద్దమనిషి.

"ఇయ్యాలే సచ్చిపోతాది," అన్నాను.

"నీకేం తెలుసే? గమ్మునుండు," అంది అమ్మ. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. అయినా కాళ్ళు కదల్లేదు.

అన్న కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముళ్ళు అరచేతిలో దిగుతున్నా వదల్లేదు. ఆరేళ్ళ కిందట కూర్చుండిపోయిన మనిషి మళ్ళీ ఎక్కడ కూర్చుండిపోతాడో అని నా భయం. నేను నోరు మూసుకుంటే వదిన చస్తుంది. నోరు తెరిస్తే ఆమె అయిదేళ్ళు కూర్చుని కాపాడుకున్న చోటు పోతుంది. ఆలోచించే వ్యవధి లేదు. గుడిసెలోకి పోయి, బోదలో దాచిన జాజు ముద్ద పెరికి తెచ్చి, అందరి ముందు నేలకేసి కొట్టాను.

"ఆమె మైలలో లేదు. ఆరేండ్లుగా లేదు. అది రక్తం కాదు, జాజు. బిడ్డ పోయినప్పట్నుంచీ ఆమెకు ముట్టే లేదు. ఇంగ పట్టుకోండి."

 అమ్మ వంగి ఆ ముద్దను తీసుకుని వేళ్ళతో నలిపి చూసింది. వేళ్ళు ఎర్రబడ్డాయి. అన్న కంచె దాటి గుడిసెలోకి పోయి వదినను రెండు చేతులా ఎత్తుకుని వచ్చాడు.

పెనుకొండ స్టేషన్లో రైలెక్కి హిందూపురం పోయాం. అక్కడ ఒక ఆస్పత్రిలో బెంగుళూరులో చదివి వచ్చిన డాక్టరమ్మ ఉండేది. ఆమె ఉప్పునీళ్ళ సీసా పెట్టి, నరానికి సూదిమందు ఇచ్చింది. రెండో దినానికి వదిన లేచి కూర్చుని గంజి అడిగింది. అంత త్వరగా ఆమె ఏదైనా అడగడం నేను ఏళ్ళ తర్వాత చూశాను. కబురందుకుని వాళ్ళ నాయన కుళ్ళాయప్ప కూడా వచ్చినాడు.

డాక్టరమ్మ వదిన కనుబొమలు, చంకలు, తోలు చూసింది. కాన్పులో రక్తం చాలా పోయిందా, పాలు పడ్డాయా, ఆ తర్వాత ఒక్కసారైనా ముట్టయ్యావా అని వరసగా అడిగింది. నేను అక్కడే ఉన్నాను కాబట్టి వదిన తల దించుకుని నిజాలే చెప్పింది. డాక్టరమ్మ అన్నీ విని చెప్పిన సంగతి నాకు అర్థమైనంత రాస్తాను.

మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటి వేలాడుతూ ఉంటుందట. మెదడు దానికి చెబుతుంది. అది రక్తంలోకి ఒక రసం వదులుతుంది. డాక్టర్లు దాన్ని హార్మోను అంటారు. ఆ రసం గర్భసంచి పక్కనున్న అండాశయాలకు చేరి, అక్కడ నెలకొక గింజను పండిస్తుంది. గింజ పండేటప్పుడు అండాశయాలు కూడా ఊరికే ఉండవు. తమ రసాన్ని రక్తంలో పైకి, మెదడుకే, పంపిస్తాయి. అది అందగానే మెదడు ఇంక చాలని తగ్గిస్తుంది. ఆ నెల బిడ్డ నిలవకపోతే పైకి పోయే రసం తగ్గిపోతుంది, ముట్టవుతుంది, మెదడు మళ్ళీ మొదలుపెడుతుంది. ఆడదాని నెల అంటే ఈ రాకపోకలే. నిండు చూలాలికి ఆ గ్రంథి పెరిగి పెద్దదై ఎక్కువ రక్తం అడుగుతుందట. సరిగ్గా అప్పుడు ఒంట్లో రక్తమంతా పోతే, అది ఎండిపోతుంది.

కుళ్ళాయప్ప తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. "అట్లైతే తల్లీ, నీరుగంటి సచ్చిపోయినాడు," అన్నాడు.

డాక్టరమ్మకు అర్థం కాలేదు.

"చెరువులో నీళ్ళుండాయి. మడి బాగుండాది. తూము ఎత్తేవాడు లేడు. మడి తడిస్తే తడిసిందని, ఎండితే ఎండిందని రైతు నీరుగంటికి కబురు పెడతాడు. అది విని వాడు తూము ఎత్తుతాడు, దించుతాడు. వాడు సచ్చినాక ఎన్ని కబుర్లు పెడితే ఏముండాది?"

"అంతే పెద్దాయనా," అంది డాక్టరమ్మ. "మీ అమ్మాయి గర్భసంచిలో ఏ లోపమూ లేదు. అయితే ఆ నీరుగంటి చూసేది ఒక్క మడినే కాదు. ఒంట్లో వేడి, జ్వరం తట్టుకునే శక్తి, అన్నీ వాడి చేతిలోనివే. వాటికి నా దగ్గర మాత్రలున్నాయి, బతికినన్నాళ్ళూ రోజూ వేసుకోవాలి. బిడ్డ పుట్టే మందు మాత్రం నా దగ్గర లేదు."

వదిన అప్పటిదాకా గోడవైపు చూస్తూ ఉంది. అప్పుడు ఇటు తిరిగింది.

"పాలు?"

"పాలు పడాలన్నా ఆ గ్రంథే చెప్పాలమ్మా."

"బిడ్డ మీద నాకు మనసు లేక కాదా?"

"మనసుకూ దానికీ సంబంధం లేదు. నీకు ఎంత మనసున్నా వచ్చేవి కావు."

వదిన ఏడ్చింది. పమిట నోట్లో కుక్కుకుని, ఒళ్ళంతా ఎగిరెగిరిపడేట్టు ఏడ్చింది. ఇంక బిడ్డలు పుట్టరని విన్నందుకు కాదది. పోయిన బిడ్డను తాను చంపలేదని తెలిసినందుకు. డాక్టరమ్మ ఆగి, అంత రక్తం పోతుంటే అప్పుడే ఎందుకు తీసుకురాలేదని, తెచ్చి ఉంటే రక్తం ఎక్కించేవాళ్ళమని అంది. వాకిట్లో నిలబడి ఉన్న అన్న ఆ మాట విని బయటికి పోయి, చింతచెట్టు కింద సాయంత్రం దాకా నిలబడినాడు. 

పల్లెకు తిరిగొచ్చాక పెద్దలు కూర్చున్నారు. వదినకు శిక్ష వేయాలి. దేనికి వేయాలో వాళ్ళకు తోచలేదు. మైల దాచితే తప్పని మా కట్టుబాటు. మైల లేకపోవడం దాచితే ఏం తప్పో తాతల కాలంనుంచి ఎవరూ చెప్పలేదు. ఒకాయన గొణిగినాడు, ఒకాయన గడ్డం గోక్కున్నాడు, చివరికి దేవుడికి ఒక టెంకాయ కొట్టమని లేచిపోయారు. మా మగవాళ్ళ తెలివి అంతటితో ఐపోయింది.

శిక్ష ఇంట్లో పడింది. మరుసటి ఏడే అమ్మ అన్నకు నాగక్కను తెచ్చి చేసింది. అన్న వద్దనలేదు, అవుననలేదు. నాగక్క మంచి పిల్ల. వదినను అక్కా అని పిలిచేది. నన్ను ధర్మవరంలో రైల్వే గ్యాంగులో పనిచేసే ఆయనకిచ్చి అదే ఏడు పెళ్ళి చేశారు. పోతూ పోతూ వదిన కాళ్ళు పట్టుకుని, ప్రమాణం తప్పానని అన్నాను. "బతికుండా గదా," అంది ఆమె. కోపం లేదు, సంతోషమూ లేదు.

మాత్రలతో ఆమె ఒంటికి వేడి వచ్చింది. పగలు కంబళి తీసేసి తిరిగేది. పొట్టేలును మళ్ళీ పడగొట్టింది. కానీ ఇరవై ఆరేళ్ళ మనిషిని ముసలివాళ్ళలో కలిపేశారు. ముట్టుడిగినవాళ్ళు చేసే పనులన్నీ ఆమెకు అప్పగించారు. దేవుడి దగ్గర దీపం పెట్టడం, కాన్పు మొక్కులు తీర్చడం, గుడిసెలో ఉన్నవాళ్ళకు అన్నం తీసుకుపోయి బండమీద పెట్టి రావడం. ముసలివాళ్ళు ఆమెను తమలో కలుపుకోలేదు, వాళ్ళకు మనవళ్ళున్నారు. ఈడువాళ్ళ మాటలన్నీ బిడ్డల గురించి. గుడిసెకు పోవడానికి ఇప్పుడు ఆమెకు హక్కు లేదు. నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా చూసేదాన్ని, సాయంత్రం బండమీద చట్టి పెట్టి, లోపల ఆడవాళ్ళ మాటలు వింటూ కాసేపు అక్కడే నిలబడేది. లోపలివాళ్ళు అది గమనించి మాటలు తగ్గించేవాళ్ళు. అప్పుడామె వెనక్కి తిరిగేది.

1963 ఆషాఢంలో నేను జాతరకని వచ్చి, వచ్చిన దినమే గుడిసె పాలయ్యాను. రెండో దినం పొద్దున నాగక్కకు నొప్పులొచ్చి అక్కడికే తెచ్చారు. మంత్రసాని వచ్చింది. మగబిడ్డ తేలిగ్గానే పుట్టినాడు. ఆ తర్వాత రక్తం ఆగలేదు. మంత్రసాని కడుపు నొక్కింది, ఏవో ఆకులు నూరి పోసింది. ఆగలేదు. నాగక్క మొగం తెల్లబడుతూ ఉంటే నేను ముట్టుకోకుండా మూలన నిలబడి చూస్తున్నాను.

అప్పుడే వదిన అన్నం పట్టుకుని వచ్చింది. గడప కింద ఇసుక ఎర్రగా తడిసి ఉండడం చూసింది. చట్టి బండమీద పెట్టింది. వెనక్కి తిరగలేదు. బండ దాటి, గడప దాటి, లోపలికి వచ్చి నాగక్క తల ఒళ్ళో పెట్టుకుంది.

"సోమీ, అన్నను బండి కట్టమను."

నేను కేకేశాను. కంచె దగ్గరికి అమ్మ వచ్చింది. ఆమె వెనక మరో నలుగురు.

"హనుమీ, నువ్వేంటికే లోపలికి పోయినావు? పురిటి మైల. పదకొండు దినాలు ఎవురూ ముట్టకూడదు."

"నన్ను అట్లే పండబెట్టినారు అత్తా. ఈమెను పండబెట్టనియ్యను," అంది వదిన. గొంతు పెంచలేదు. "ఈమెకు పాలు పడాల. ఈమె నెలలు ఈమెకుండాల. ఇంకో గడియ ఆగితే నేనైనట్ల అవుతాది. నేను ఎట్లుండానో మీరు చూసినారు గదా."

 అమ్మ తన భుజం మీది కంబళి తీసి, కంచె మీదుగా విసిరింది. బండిలో పరచడానికి. అన్న కంచె వాకిలి దాకా కూడా పోలేదు, ముళ్ళమీదుగానే బండి తోలుకుని వచ్చాడు. బండిలో నాగక్క పడుకుంటే మంత్రసానికి, బిడ్డకు మాత్రమే చోటు మిగిలింది. వదిన నాగక్క కాళ్ళు ఎత్తుగా పెట్టి, బండి కదిలేదాకా చెయ్యి పట్టుకుని, వదిలేసింది.

బండి కనుమరుగయ్యాక ఆమె రెండు చేతులూ చూసుకుంది. మోచేతుల దాకా రక్తం. వంకకు పోయి కడుక్కుని వచ్చి, గుడిసెలో మూలన కూర్చుంది.

"నా కంబళి, మాత్రలు తెప్పించు సోమీ. పదకొండు దినాలు ఈడే గదా."

నేను పురిటిమనిషిని ముట్టుకోలేదు కాబట్టి, మరుసటి దినంతో నా మూడు దినాలూ ఐపోయి, తలకు పోసుకుని ఇంట్లోకి పోయాను. గుడిసెలో ఆమె ఒక్కతే మిగిలింది. ఆ నెల ఇంకెవరూ రాలేదు. అయిదో దినం హిందూపురం నుంచి మనిషి వచ్చి, నాగక్కకు రెండు సీసాల రక్తం ఎక్కించారని, గండం గడిచిందని చెప్పినాడు. ఆ మాట చెప్పడానికి అన్నం చట్టి పట్టుకుని పరిగెత్తాను. వదిన గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి ఒక్కటే అడిగింది.

"పాలు పడినాయా?"

"పడినాయంట వదినా. బిడ్డ తాగి తాగి నిద్రపోతాండాడంట."

ఆమె మొగం అటు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. నేను అలవాటు ప్రకారం బండ దాటి ఒక అడుగు వేశాను. ఆమె చెయ్యి ఎత్తింది.

"దగ్గరికి రావద్దు సోమీ. ఈసారి నిజంగానే మైలలో ఉండా."

నేను ఆగిపోయాను. బండ మీద అన్నం పెట్టి వెనక్కి వచ్చాను. ఎవరూ చూడకపోయినా ఆమె విషయంలో ఆ నియమం నేను పాటించడం అదే మొదటిసారి.